మన పట్టణపు తినుసరుకుల దుకాణములు



జనగామ, మానుకోట, భూపాలపల్లి – ఈ మూడు పట్టణములలో ఒక్కొక్క తినుసరుకునే నమ్ముకొని బ్రదుకుచున్న చిన్న దుకాణములను గూర్చి నేడు మీతో ముచ్చటింప దలచితిని. కారము పట్టెడి గిర్ని, నూనె తీసెడి గానుగ, బెల్లపు దుకాణము, తేనెయు సారపప్పును అమ్మువారు, సకినాలు గారెలు చేసి అమ్మెడి ఆడువారి యిండ్లు – ఇవియే నా విషయము. ఉప్పు మొదలు కర్పూరము వరకు సమస్తమును ఒకేచోట అమ్మెడి కిరాణమును గూర్చి నేను చెప్పబోవుట లేదు. మన వైపున అంగడి యనగా వారమునకొకమారు కూడెడి సంత గనుక, నేను దుకాణమనియే అనుచుందును.

ఈ మూడును పూర్వము వరంగల్ జిల్లాలోని ఊళ్ళే. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన మూడును జిల్లా కేంద్రములైనవి. ఇంతకుమించి వానికి పోలిక తక్కువ. జనగామ, మానుకోటలు రైలుదారి ఊళ్ళు. నిజాము కాలమున సికిందరాబాదు నుండి వేసిన యినుపదారి 1889లో బెజవాడను ముట్టినది. నాటి నుండి ఈ రెండు చోట్లను ధాన్యము, నూనెగింజలు, మిరప బండ్లమీద వచ్చి దిగి, రైలుమీద వెడలుచుండెను. భూపాలపల్లి యన్ననో సింగరేణి గనులు త్రవ్విన పిమ్మట పెరిగిన బొగ్గు పట్టణము. పక్కనే చెల్పూరులో కాకతీయ విద్యుత్కేంద్రము. అచటి దుకాణమునకు పంటకాలముతో పాటు జీతము చేతికందెడి దినమును ముఖ్యమే.

పెద్దలు కొందరు నన్నడిగినదే ఈ ప్రసంగమునకు కారణము. "అయ్యా, పొట్లములో వచ్చు సరుకు శుభ్రముగా నున్నది, దానిపై ధర అచ్చువేసి యున్నది, మనుమడు ఫోనులో నొక్కినచో ఇంటికే వచ్చుచున్నది. ఈ వయసున మేము మిరపకాయల సంచి మోసికొని గిర్నికి పోవలసిన పనియేమి?" యని వారి ప్రశ్న. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. స్థానికుడని జాలితో కొనుడని చెప్పుట నాకు నచ్చదు; జాలితో కొన్న సరుకు రెండవమారు కొనరు. నేను చెప్పదలచిన సమాధానము వేరు. ఇట్టి దుకాణమున ముడిసరుకును, తయారైన సరుకును పక్కపక్కన మన కన్నుల యెదుట నుండును. రెండింటిని చూచి లెక్క వేసికొను వీలు పొట్లములో లేదు. ఆ లెక్క వేయగలవారు నేడు మీవంటి పెద్దలే. మీరు దుకాణమునకు పోవుట మానితిరేని, ఆ విద్య మీతోనే పోవును.

మానుకోట మిరపనే చూడుడు. మానుకోట, కేసముద్రము మార్కెట్లకు మాఘ ఫాల్గుణములలో ఎఱ్ఱని బస్తాలు వరుసలుగా వచ్చును. రైతు క్వింటాళ్ళ లెక్కన అమ్మును. ఆ రైతు ఇల్లాలే ఆషాఢము నాటికి నూరు గ్రాముల కారపు పొట్లము కొనుట నేను పలుమార్లు చూచితిని. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయినప్పుడు, పొరుగు ఆంధ్రప్రదేశమున కేంద్ర ప్రభుత్వము మార్కెటు జోక్యపు పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయలని ధర నిర్ణయించినది. అనగా కిలోకు 118 రూపాయలకు లోపు. ఇక మీ యింటి గూటిలోనున్న నూరు గ్రాముల పొట్లమును తీసి, దానిపై ధరను పదింట హెచ్చవేసి చూడుడు. నడుమనున్న అంతరము ఎంతయో మీకే తెలియును. అందులో గిర్ని కూలి యెంత, రవాణా యెంత, ప్రకటనలకైన ఖర్చెంత యని నేను విడదీసి చెప్పను. కాని పండించినవాడు తన పంటనే ఆ అంతరము చెల్లించి తిరిగి కొనుట మాత్రము వింతయే.

గిర్నిలో పని యెట్లు జరుగును? కాయను చెవియొద్ద ఆడించినచో లోని గింజ గలగల లాడవలెను. తొడిమ విరిచినచో పటుక్కున విరుగవలెను. మెత్తగా వంగినదేని ఇంకను తడి యున్నదని అర్థము. అట్టి కాయను పట్టించిన కారము వానకాలమున బూజు పట్టును. తొడిమలు తీసి, మరల ఒక దినము ఎండబెట్టి పట్టించినచో పది కిలోల కాయకు ఇంచుమించు తొమ్మిది కిలోల పొడి వచ్చును. గిర్నివాని కూలి కలిపి లెక్క చూచికొనవచ్చును. ఎవడైనను కాయ ధరకంటె చవుకగా పొడి యిచ్చెదననినచో, అతడు దాత కాడు. అందు వేరే వస్తువేదియో ఉన్నది. ఒక గ్లాసు నీటిపై చిటికెడు పొడి చల్లి చూచినచో, రంగు కలిపిన దానినుండి ఎఱ్ఱని చారలు వెంటనే క్రిందికి దిగును. ఇటుకపొడి కలిసినచో అడుగున గరుకుగా పేరుకొనును.

చపాట మిరపను గూర్చి ఒక మాట. పొట్టిగా లావుగా నుండు ఈ కాయను టమాట మిరప యనియు పిలుతురు. కారము తక్కువ, రంగెక్కువ. పచ్చళ్ళకు మనవారు తరతరములుగా దీనినే కోరుచున్నారు. 2025లో దీనికి వరంగల్ చపాట మిరప యను పేర భౌగోళిక గుర్తింపు లభించినది. మహబూబాబాదు జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన స్థానము ఇందుకు తోడ్పడినది. గుర్తింపు కాగితమున నుండుట వేరు, గిర్నియొద్ద దొరకుట వేరు. "తేజ కాయ యింత, చపాట యింత కలిపి పట్టుము" అని చెప్పి పట్టించుకొను కొనుగోలుదారు లేనిచో ఆ కాయకు ఊరిలో చోటుండదు; పొట్లపు వ్యాపారమునకు ఒకేరకపు ఘాటు, ఒకేరకపు రంగు చాలును.

రంగు మాట వచ్చినది గనుక పసుపు సంగతి చెప్పెదను. కేసముద్రము పసుపునకు పేరుపొందిన మార్కెటు. ఇంటి పెద్దలు కొమ్ములు కొని పట్టించుకొనుటయే మేలని ఎందుకందురో బంగ్లాదేశ్‌లో జరిగిన సంగతి చెప్పును. అచట 1980 దశకమున వరదలవలన కొమ్ములు వన్నె తగ్గెను. కొనువారు మెఱుపు కోరిరి. అందుచే కొమ్ములకు మెఱుగుపెట్టువారు సీసము కలిసిన పచ్చని రంగు పూయ నారంభించిరి. అది పిల్లల మెదడునకు హాని చేయు విషము. 2019లో పరిశోధకులు ఈ సంగతిని వెల్లడింపగా ప్రభుత్వము దాడులు చేసి, పత్రికలలో చాటించి, జరిమానాలు విధించినది. ఆ యేట బజారు పసుపు నమూనాలలో 47 శాతమున సీసము కనబడగా, 2021 నాటికి ఒక్క దానియందును కనబడలేదు. ఇందులో నాకు తోచిన విశేష మొకటి: ఆ విషమునకు మూలము మెఱుపు కోరిన కొనుగోలుదారు. మనయొద్ద బెల్లము విషయమున జరుగుచున్నదియు ఇదియే. తెల్లగా, బంగారుముద్ద వలె నున్న బెల్లమునే చేతబట్టుకొందుము. ఆ తెలుపు చాలమారులు హైడ్రోసు అను రసాయనమువలన వచ్చినది. ముదురు గోధుమవన్నె బెల్లము దుకాణమున మూల పడియుండును. సారాయి కాచువారు నల్లబెల్లము వాడుటచే దానిపై పోలీసుల కన్ను పడి, మంచి ముదురు బెల్లమమ్ము షావుకారు సయితము భయపడవలసి వచ్చినది; ఇది వేరు కథ.

భూపాలపల్లి మీదుగా మేడారమునకు పోవువారికి బెల్లము బంగారమే. రెండేండ్లకొకమారు మాఘమాసమున జరుగు సమ్మక్క సారలమ్మల జాతరకు భక్తులు తమయెత్తు బెల్లము తూచి మొక్కు చెల్లింతురు. దానిని బంగారమనియే పిలుతురు. మేడారము 2019 ఫిబ్రవరి నుండి ములుగు జిల్లాలోనిది. జాతర ముందు నెలలో ఈ దారి దుకాణములలో బెల్లము రాశులు చూడదగియుండును. మన జిల్లాలలో చెఱకు తక్కువగుటచే అనకాపల్లి వంటి దూరపు మార్కెట్ల నుండి సరుకు రావలసియున్నది. స్థానిక దుకాణమన్నంత మాత్రమున సరుకు స్థానికము కాదని ఇందువలన గ్రహింపవచ్చును. ఇచట స్థానికమైనది షావుకారి మొగము. సరుకు చెడినచో పోయి నిలదీయుటకు ఆ మొగమున్నది.

ఇక గానుగ. మీ చిన్ననాట ఎద్దు తిరిగిన గానుగ చాల ఊళ్ళలో మాయమై, ఈ పదేండ్లలో కరెంటు మోటారుతో తిరుగు కొయ్యగానుగగా పట్టణములకు మరల వచ్చినది. దాని నూనె ధర చూచి చాలమంది వెనుదిరుగుదురు. లెక్క చూతము. పల్లిగింజ కిలో 120 రూపాయలనుకొందము. కిలో నూనెకు రెండున్నర కిలోల గింజ పట్టును, అది 300. మిగిలిన చెక్క కిలోన్నరకు కొంచెము తక్కువ. అది పశువుల మేతకు 50 రూపాయలు తెచ్చుననుకొందము. మిగిలినది 250. కూలి, కరెంటు, అద్దె, కొంత లాభము కలిపి మరి 40. కావున 290 న్యాయమైన ధర. ఈ లెక్కలో 200కే గానుగనూనె ఇచ్చెదననువానిని, "నాయనా, గింజ యెచట కొనుచున్నావు?" అని అడుగుటకు మీరు జంకవలదు. అట్లే 450 అడుగువానిని గూడ అడుగుడు. పెద్ద మిల్లు నూనె చవుక యగుటకు ఒక కారణము న్యాయమైనదే: అది చెక్కలోని తుది బొట్టువరకు పిండును, గానుగ చెక్కలో కొంత నూనె మిగిలిపోవును. ఇంకొకటి. లీటరు నూనె తూకమునకు 910 గ్రాముల ప్రాంతముండును. ఒకడు లీటరు ధర చెప్పును, ఒకడు కిలో ధర చెప్పును. పోల్చునప్పుడు దీనిని మరువరాదు.

గింజ తీసికొనిపోయి ఎదుట నిలిచి ఆడించుకొనుట అన్నిటికంటె ఉత్తమము. చట్టము మసాలా పొడిని, వంటనూనెను మూతలేక విడిగా అమ్మగూడదనుచున్నది. మన మిరపను, మన గింజను మనమే పట్టించుకొనుటకు అడ్డులేదు. మూతవేసి యిచ్చిన డబ్బాపై దుకాణము పేరు, తేదీ, పదునాలుగంకెల ఆహార అనుమతి సంఖ్య యుండవలెను. ఇది 2006వ సంవత్సరపు ఆహార భద్రతా ప్రమాణముల చట్టమునుండి వచ్చిన నియమము. అదే చట్టము కొనుగోలుదారునకు మరియొక హక్కు నిచ్చినది: అనుమానము కలిగినచో రుసుము చెల్లించి తాను కొన్న సరుకును ఆహార విశ్లేషకునిచే పరీక్ష చేయించుకొనవచ్చును. మన రాష్ట్రపు ప్రయోగశాల హైదరాబాదు నాచారములో నున్నది. గ్రామమున పదిమంది కలిసి ఒక నమూనా పంపినచో ఖర్చు భారముగా తోచదు.

తూకము సంగతియు చూచుకొనవలెను. సేరు, మణుగు పోయి కిలో రాగా (అందుకు చట్టము 1956లో పుట్టినది) ఎన్ని తగవులు పడెనో పెద్దలెఱుగుదురు. నేటి కరెంటు కాటాకు ఏటేట ప్రభుత్వపు ముద్ర పడవలెను. కాటాపై గిన్నె పెట్టిన పిమ్మట అంకె సున్నకు వచ్చినదా లేదా యని చూచుటకు చదువక్కరలేదు.

భూపాలపల్లి అడవిసరుకును గూర్చి చెప్పునప్పుడు మాత్రము పూర్వపు చిన్న దుకాణమును పొగడుటకు నాకు నోరురాదు. మొర్రిపండ్లు వేసవిలో రాలును. వాని గింజలు పగులగొట్టి తీసిన పప్పే సారపప్పు. మిఠాయి దుకాణములలో దానికెంత ధరయో మీకు తెలియును. కోయలు, నాయకపోడులు అడవిలో దినమంతయు తిరిగి తెచ్చిన ఆ పప్పునకు, పూర్వము అంతే తూకపు ఉప్పు కొలిచి పంపిన షావుకారులున్నారని పెద్దలు చెప్పుదురు. ఆ షావుకారియు స్థానికుడే; చిన్న దుకాణదారుడే; ఖాతాదారులందరిని పేరు పెట్టి పిలిచినవాడే! ఇట్టి దోపిడిని అరికట్టుటకే 1956లో విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. తేనె, చింతపండు, కుంకుడు, తపసిజిగురు మొదలగువానిని ఆ సంస్థ కొన నారంభించినది. తెలంగాణ యేర్పడిన పిమ్మట ఇచటి సంస్థ వేరైనది. నాకేమో, అమ్మువానికి కొనువాడు ఒక్కడే యుండుట యెచటనైనను ప్రమాదమే యని తోచును. రెండు మూడు ద్వారములుండవలెను. సంస్థ డిపో ఒకటి, పట్టణపు దుకాణమొకటి, గిరిజన స్త్రీల సంఘమొకటి – ఇవి మూడును ఉన్నచోట తేనె తెచ్చినవాడు ధర అడుగగలుగును.

తేనె పరీక్షలు మన పల్లెలలో అనేకములున్నవి. చీమలు పట్టవందురు, కుక్క ముట్టదందురు, కాగితముపై వేసిన ఇంకదందురు. ఇవి నమ్మదగినవి కావు. పేరుకొన్న తేనెను కల్తీయని పారవేయుటయు తప్పే. చలికాలమున మంచి తేనెయే పేరుకొనవచ్చును. 2020 డిసెంబరులో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రము దేశమున ప్రసిద్ధమైన 13 రకముల సీసాల తేనెను జర్మనీకి పంపి సూక్ష్మ పరీక్ష చేయింపగా 10 రకములు నిలువలేదు. పరీక్షలను తప్పించుకొనుటకే తయారైన చక్కెరపాకములు అందు కలియుచున్నవని వారు చెప్పిరి. సీసా మెఱుపును చూచి ఇక నేమని తెలిసికొందుము? కావున తేనె విషయమున నా మార్గము సరుకును పరీక్షించుట కాదు, మనిషిని ప్రశ్నించుట. ఏ అడవి, ఏ నెల, ఏ చెట్లు పూచినప్పుడు, పట్టును పిండితిరా, తేనె భాగము మాత్రము కోసితిరా? నిజముగా తెచ్చినవాడు ఈ ప్రశ్నలకు సంతోషముతో, అవసరమునకంటె ఎక్కువగానే బదులు చెప్పును. కొని తెచ్చి అమ్మువాడు సీసాపై కాగితము చూపును.

ఉద్దెరను గూర్చి కూడ ఒక మాట చెప్పక తప్పదు. చిన్న దుకాణమును చంపునది పెద్ద దుకాణమొక్కటియే కాదు. మన ఉద్దెర కూడ. నగదు చేతనున్ననాడు పట్టణములోని పెద్ద బజారునకు పోయి, లేనినాడు గానుగవానియొద్ద వ్రాయించుకొనుట పలువురి యలవాటు. గింజ కొనునప్పుడు అతడు నగదు చెల్లింపవలెను. మూడు నెలలు మన ఖాతాలో అతని సొమ్ము నిలిచినచో, అతడు నాసి గింజకు దిగును, లేదా పామాయిలు కలుపును, లేదా తలుపు మూయును. మన తప్పును మన నాలుకయే అనుభవించును.

ఓరుగంటి సీమలో భోజనము వెలకిచ్చుట క్రొత్తది కాదు. క్రీడాభిరామమున ఓరుగల్లు పూటకూటి యింట ఒక రూకకు దొరకు భోజనము వర్ణింపబడియున్నది. అయినను పండుగ పిండివంట కొని తెచ్చుటను మన పెద్దలు నామోషీగా నెంచిరి. నేడు జనగామలో సంక్రాంతికి సకినాలు చేసి అమ్మెడి ఆడువారి యిండ్ల ముందు వరుసలు నిలుచుచున్నవి. ఇది సోమరితనమని గొణుగు ముసలివారిని నేనెఱుగుదును. నేను వారితో ఏకీభవింపను. బియ్యము నానబెట్టి, ఆరబెట్టి, తడి పూర్తిగా పోకముందే పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, బట్టపై వ్రేళ్ళతో మెలిత్రిప్పుచు చుట్లు చుట్టుట పదిమంది చేతులు కూడిన యింట జరిగెడి పని. ఇప్పుడింట ఇద్దరే యున్నారు. కోడలు హైదరాబాదులో, బిడ్డ అమెరికాలో. బిడ్డ యింటికి సారె పంపవలెనన్న ఈ యిండ్లే దిక్కు. యంత్రముతో చేసిన సకినము చుట్లన్నియు ఒకే తీరుగా నుండును. చేతిది ఒకచోట లావు, ఒకచోట సన్నము. కొఱికినప్పుడు భేదము తెలియును: సన్ననిచోట కరకర, లావుచోట గుల్ల.

ఈ స్త్రీలకు పెట్టుబడి బియ్యము, నూనె, కట్టెలు, చేతులు. 2020లో కేంద్రము ప్రారంభించిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకము క్రింద పెట్టుబడిలో 35 శాతము, పది లక్షల రూపాయలకు మించకుండ, రాయితీ దొరకును. కాని అది బ్యాంకు అప్పుతో ముడిపడియున్నది. దరఖాస్తు నింపుటకు, బ్యాంకునకు పోవుటకు ఊరి చదువరులు తోడుపడినచో చాలును. వారియొద్ద మీరడుగవలసిన ప్రశ్న ఒక్కటియే: నూనె ఎన్నిమారులు కాచితిరి? నల్లబడి, చిక్కబడి, నురుగు కట్టిన నూనెలో వేయించిన సకినము మరునాటికే కమటువాసన కొట్టును. మూకుడులో నూనె చూపుమన్నచో మంచి చేతివారు కోపపడరు.

రాబోవు సంక్రాంతికి సకినాలు చెప్పదలచినవారు మార్గశిరములోనే పోయి, బియ్యమునకు నూనెకు సరిపడు సొమ్ము ముందుగా నిచ్చి చెప్పుట మేలు. పుష్యము వచ్చిన పిదప వారికి చేతులు చాలవు. కారమునకైతే ఉగాదికి ముందే గిర్ని చూచుకొనవలెను. మామిడికాయ దిగిన పిమ్మట అచట నిలువ సందుండదు.